ఇత్తడి గీత

పాత పైపు వాల్వు మూయించింది నేనే. కాగితం మీద సంతకం కూడా నాదే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది. ఎందుకంటే ఆ తర్వాత ఆఫీసులో అందరూ ఎవరు మూయించారు, ఎవరు మూయించారు అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, నేను కూడా వాళ్ళతోపాటు చూశాను.

నేను ఆర్కిటెక్టుని. మాది ఎడారి ఊరు. ఏడాదికి రెండు రోజులు వాన పడితే మూడోరోజు దాని గురించే మాట్లాడుకుంటాం. తాగే నీళ్ళలో సగం సముద్రం దగ్గర ఉప్పు తీయించుకుని దూరం నుంచి పైపులో వస్తాయి. మిగతా సగం నేల కింద నుంచి తోడుకుంటాం. అలాంటి ఊళ్ళో జనం కోసం నీటి పరిశోధన, అవగాహన కేంద్రం కట్టాలని నీటి శాఖ పోటీ పెట్టింది. పదకొండు మందిమి డిజైన్లు పంపితే నాది గెలిచింది. కాగితాల మీద దాని పేరు చాంతాడంత ఉంటుంది కాబట్టి పనివాళ్ళందరూ దాన్ని ‘నీళ్ళబడి’ అని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు నేనూ అదే అంటున్నాను.

నా డిజైను గెలవడానికి కారణం అద్దాలూ కాదు, నీడ పడే గోడలూ కాదు. మా నాన్న.

నాన్న నీటి శాఖలో బావులు కొలిచే ఉద్యోగి. ఇరవై ఏడేళ్ళుగా ప్రతి గురువారం పొద్దున్న ఏడింటికి శాఖ పాత యార్డులో ఉన్న రాతి బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళెంత లోతులో ఉన్నాయో కొలిచి పుస్తకంలో రాసేవాడు. రిటైరై అయిదేళ్ళయినా మానలేదు. జ్వరం వస్తే జ్వరంతోనే వెళ్ళేవాడు. నా పెళ్ళికి ముహూర్తం వెతుకుతున్నప్పుడు ‘గురువారం తప్ప ఏదైనా పరవాలేదు’ అని మా అత్తవారికి కబురు పెట్టాడంటే అర్థం చేసుకోండి. ఊళ్ళో ఆయన్ని ‘టేపు మాస్టారు’ అంటారు. అలా పిలిస్తే లోపల్లోపల మురిసిపోయేవాడు.

ఆయన కొలిచే పద్ధతి నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఉక్కు టేపు చివర రెండు బారల మేర సుద్దముక్కతో తెల్లగా రుద్దుతాడు. బావి గట్టు మీద తనే ఉలితో చెక్కిన గుర్తు దగ్గర పెట్టి వదులుతాడు. పైకి లాగాక సుద్ద ఎక్కడిదాకా తడిసి నల్లబడిందో చూసి లెక్క కడతాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడింట్లో మధ్యది రాస్తాడు. తర్వాత టేపుని గుడ్డతో తుడిచి చుడతాడు. ఈ పని మొత్తం జరుగుతున్నంతసేపూ ఎవరైనా పలకరిస్తే కళ్ళతోనే కసురుతాడు.

ఆ పుస్తకాల ప్రకారం మా ఊరి నీళ్ళు మొదటి నాలుగేళ్ళు నలభై అడుగుల నుంచి అరవై రెండుకి జారాయి. అక్కడ ఆగాయి. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు అరవై రెండు దగ్గరే, అడుగు అటూ అడుగు ఇటూ. నీళ్ళు పొదుపు చేయండి అని గోడల మీద అంటించిన పోస్టర్ల వల్లే జారడం ఆగిందని నీటి శాఖ రెండు అవార్డులు కూడా కొట్టేసింది. ఆ లెక్క చూసే కొత్త కాలనీలకి బోర్లు వేసుకోమని అనుమతులిచ్చింది.

నేను ఆ బావినే నీళ్ళబడికి నడిబొడ్డు చేశాను. బావి చుట్టూ గుండ్రంగా మెట్లు దిగుతాయి. గోడ మీద ఏడాదికో మీటరు చొప్పున ఇరవై ఏడు మీటర్ల ఇత్తడి గీత. నాన్న పుస్తకంలోని లోతులే గోడ మీద గీతగా సాగుతాయి. బడి పిల్లలు ఆ గీత మీద చెయ్యి ఆనించుకుని నడుస్తూ దిగితే, చివర్లో వాళ్ళ వేలు ఆగినచోటే ఎదురుగా బావిలో నిజం నీళ్ళు కనబడాలి. పోటీలో ఈ ముక్క చెప్పగానే నీటి శాఖ డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. గీత పక్కన మా నాన్న పేరు చెక్కించమని ఆయనే అన్నారు. ఆ రోజు నాన్న భోజనం దగ్గర రెండుసార్లు మజ్జిగ పోసుకుని, పోసుకున్న సంగతి మర్చిపోయి మూడోసారి కూడా పోసుకున్నాడు.

సంతోషించని మనిషి ఒక్కతే, మా మేనత్త. నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. పదేళ్ళ కిందట ఊరి పడమటి కాలనీలో స్థలాలు ఇస్తున్నప్పుడు ‘కళ్ళు మూసుకుని తీసుకో, అరవై రెండుకే నీళ్ళు, నా పుస్తకం మీద ఒట్టు’ అని నాన్నే తీసుకోమన్నాడు. నూట యాభై అడుగుల బోరు వేయించారు. నూట ముప్పై దాటాక గానీ నీళ్ళు తగల్లేదని డ్రిల్లరు చెబితే, వాడికి తడికీ పొడికీ తేడా తెలీదని నాన్న కొట్టిపారేశాడు. మూడేళ్ళకి ఆ బోరు ఎండిపోయింది. మా పెద్దమ్మ కూతురి పెళ్ళి భోజనాల్లో, నలుగురూ వింటుండగా, అత్త ఆ మాట ఎత్తింది.

“నీ పుస్తకం తప్పు అన్నయ్యా,” అంది.

“నా పుస్తకం కాదు, నీ డ్రిల్లరు తప్పు. వాణ్ణి అనలేక నన్నంటున్నావ్. నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే ఈ బుద్ధి, లేనిది ఉన్నట్టూ ఉన్నది లేనట్టూ చెప్పడం.”

“సరే, నేను అబద్ధాలకోరునే. నీ పుస్తకానికి దాహం వెయ్యదు, నాకు వేస్తుంది,” అని అత్త విస్తరి ముందు నుంచి లేచిపోయింది. అది ఏడేళ్ళ కిందటి మాట. ఆనాటి నుంచి అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. మధ్యలో నేను ఫోన్లో ఇద్దరి క్షేమాలూ అటూ ఇటూ మోస్తుంటాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, నేను కూడా నాన్న వైపే. టేపు పట్టుకున్న మనిషి మాట నమ్మకుండా ఎవరి మాట నమ్ముతాం?

పునాదుల పని మొదలయ్యే ముందు నీళ్ళబడి ప్రయోగశాలకి ఓ కొత్త పరిశీలన బోరు కావాల్సివచ్చింది. ఆ పని చూసే అమ్మాయి భూగర్భ జలాల మీద డాక్టరేటు చేసింది. పనివాళ్ళకి డాక్టరంటే ఒక్కటే అర్థం కాబట్టి, దగ్గుకీ నడుంనొప్పికీ మందు అడుగుతూ ఆమె చుట్టూ తిరిగేవాళ్ళు. ఆ డాక్టరమ్మ యార్డు వెనక మూల, బావికి మూడొందల అడుగుల దూరంలో బోరు వేయించింది. మధ్యాహ్నానికి నా దగ్గరికొచ్చింది. ఆమె చేతులనిండా బూడిదరంగు మట్టి.

“మేడమ్, నూట తొంభై ఒకటిలో గానీ నీళ్ళు తగల్లేదు.”

“డ్రిల్లరు ఏదో పాడుచేసుంటాడు,” అన్నాను ప్లాను మీంచి తలెత్తకుండా.

“డ్రిల్లరు పాడుచేస్తే బోరు పాడవుతుంది గానీ, నీళ్ళు నూట ముప్పై అడుగులు కిందికి పోవు కదా మేడమ్,” అంది. సరే, ఇంకోసారి చూద్దాంలే అని పంపేశాను. మా నాన్న నోట్లోంచి వచ్చిన మాటే నా నోట్లోంచి ఊడిపడిందని అప్పుడు నాకు తట్టనేలేదు.

ఆ వారమే పాత పైపు సంగతి వచ్చింది. సముద్రం నీళ్ళు తెచ్చే పెద్ద పైపు యార్డు మధ్యలోంచి, సరిగ్గా మెట్లు రావాల్సినచోటు కింది నుంచి పోతోంది. దాన్ని తప్పించి పక్క నుంచి కొత్త పైపు వేశారు. పాతదాని వాల్వు మూసేస్తే తవ్వకం మొదలుపెట్టొచ్చు. మేస్త్రీ తెచ్చిన కాగితం మీద కింద ఏవో రెండు వాక్యాలు రాసి ఉన్నాయి. నేను చదవలేదు. రోజుకి అలాంటివి ముప్పై వస్తాయి. గురువారం పొద్దున్న నాన్న కొలత అరవై రెండు అడుగుల మూడంగుళాలు. పదకొండింటికి వాల్వు మూశారు.

మరుసటి గురువారం నాన్న టేపు లాగి, చూసి, మళ్ళీ వదిలాడు. మూడుసార్లయింది. నాలుగోసారి వదిలాడు. నాన్న నాలుగోసారి కొలవడం నా జన్మలో అదే మొదలు. నేను గబగబా దగ్గరికి వెళ్ళాను.

“ఎంత నాన్నా?”

“డెబ్బై మూడు.”

“అదేంటి, వారంలో పదకొండు అడుగులా?”

“మీ యంత్రాల అదురుడికి ఎక్కడో పగులిచ్చి ఉంటుంది. సర్దుకుంటుంది. నువ్వెళ్ళి నీ పని చూసుకో,” అన్నాడు. కసురుకున్నాడు గానీ గొంతులో కసురు లేదు. పుస్తకంలో పెన్నుతో కాకుండా పెన్సిల్‌తో రాసుకున్నాడు. అయినా గీత బిగించే రోజు దగ్గరపడుతోంది. పోతపోసిన ఇత్తడి ముక్కలు గోనెపట్టాల్లో చుట్టుకుని షెడ్డులోకి అప్పటికే వచ్చేశాయి. యంత్రాలని బావికి దూరంగా జరపమని మేస్త్రీకి చెప్పి ఊరుకున్నాను.

ఆ పై గురువారం నాన్న ఆరున్నరకే వచ్చాడు. నేనూ వచ్చాను, డాక్టరమ్మా వచ్చింది. పిలవకుండానే మేస్త్రీ కూడా వచ్చి నిలబడ్డాడు. టేపు దిగుతూ దిగుతూ తొంభై దగ్గర ఒక్కసారిగా వదులైపోయింది. నాన్న వేళ్ళు దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయాయి. తర్వాత మెల్లగా లాగాడు. సుద్ద చివరిదాకా తెల్లగానే ఉంది. తడి అనేది లేదు. బొటనవేలితో రుద్ది చూశాడు. వేలికి పొడి అంటింది. ఆ వేలిని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

మేస్త్రీ ఎక్కడి నుంచో ఓ అద్దం తెచ్చి ఎండని బావిలోకి తిప్పాడు. వెలుగు గోడల వెంట జారి అడుగుకి చేరింది. నెర్రెలు విచ్చుతున్న బురద, ఓ రేకు బకెట్టు, ఒంటి చెప్పు. ఇరవై ఏడేళ్ళ మా ఊరి నీళ్ళు అక్కడుండాలి. ఇది వేరే బావేమో అని ఒక్క క్షణం నిజంగానే అనిపించి గట్టు మీద నాన్న చెక్కిన గుర్తు కోసం వెతికాను. గుర్తు ఉంది.

“అంతే కదా మేడమ్,” అన్నాడు మేస్త్రీ, అదేదో అందరికీ తెలిసిన సంగతే అయినట్టు. “పైపు కారుడు ఆగాక బావిలో ఇంకేముంటది?”

“ఏ కారుడు?”

“అదే, పాత పైపు జాయింటుది. ఎన్నేళ్ళ నుంచి కారుతుందో ఏమో, చుట్టూ మట్టి హల్వాలాగా ఉంది. కాగితం మీద రాసిచ్చాను కదా. మీరు సంతకం పెట్టారు.”

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె గొంతు తగ్గించి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. నేల కింద తొంభై అడుగుల్లో, ఈ బావి అడుగు ఆగినచోటే, గట్టి బంకమన్ను పొర ఉంది. పైపులోంచి కారిన నీళ్ళు ఆ పొర మీద, ఈ బావి చుట్టూ మాత్రమే నిలబడ్డాయి. ఊరి నీళ్ళు ఎప్పుడో ఆ పొర దాటి కిందికి పోయాయి. ఇన్నాళ్ళూ బావిలో ఉన్నవి సముద్రం నుంచి వచ్చిన నీళ్ళు.

ఇరవై మూడేళ్ళపాటు మా నాన్న వెంట్రుకవాసి తేడా రాకుండా కొలిచింది ఓ పైపు కారుడుని. ఆ అంకెల మీద కాలనీలు లేచాయి. అవార్డులొచ్చాయి. నా డిజైను గెలిచింది.

నాన్న టేపు తుడవకుండానే చుట్టి సంచీలో వేసుకుని, గేటు వైపు నడిచాడు. కారులో తీసుకెళ్తానన్నా వినిపించుకోలేదు.

మధ్యాహ్నం డైరెక్టరుగారి గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. రెండు నిమిషాలు గడిచాక మళ్ళీ పెట్టుకున్నారు.

“వాల్వు తెరిపించండి,” అన్నారు.

“సార్?”

“పాత పైపు అలాగే ఉంది కదా? మెట్లు కాస్త పక్కకి జరపండి. బావిలోకి నీళ్ళొస్తాయి. పై నెలలో ప్రారంభం. పిల్లలు వట్టి గొయ్యి చూడ్డానికి వస్తారా?”

“కానీ సార్, గీత...”

“గీతకేమైందమ్మా? మీ నాన్నగారు కొలిచారు, బావిలో ఉన్నదే రాశారు. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఇప్పుడు మనం తవ్వి తలకెత్తుకుంటే ముందు పోయేది ఆయన పరువే. ముసలాయన్ని ఈ వయసులో పేపర్లకెక్కిస్తారా? మిగతాది మేం చూసుకుంటాం, పద్ధతి ప్రకారం, మెల్లగా.”

ఆయనేం దుర్మార్గుడు కాదు. టీ కూడా తెప్పించారు. ఆలోచిస్తాను సార్ అని లేచాను. మెట్లు దిగుతుంటే నాకు తెలియకుండానే పెద్ద నిట్టూర్పు వచ్చింది. అది భారం దిగిన నిట్టూర్పు అని తెలిసి నేనే నిర్ఘాంతపోయాను. ఛీ, నీళ్ళబడి కడుతున్న మనిషిని, గొయ్యిలో పైపు నీళ్ళు పోసి పిల్లలకి చూపించమంటే నాకు ఊపిరాడిందా? ఆడింది. ఎందుకంటే నాన్న పేరు గోడ మీద ఉంటుంది. ఆ తెల్ల సుద్ద సంగతి మా అయిదుగురి మధ్యే ఉండిపోతుంది.

శనివారం పొద్దున్న ఈ మాట నాన్నకి చెబుదామని ఆయన గదిలోకి వెళ్ళాను. అమ్మ పోయినప్పటి నుంచి నాన్న మా ఇంట్లోనే ఉంటున్నాడు. టేబుల్ మీద పాత పుస్తకాలు నాలుగైదు తెరిచి ఉన్నాయి. అట్టలు ఊడినవి. డిజైను కోసం నాన్న నాకిచ్చింది శుభ్రంగా ఎత్తిరాసిన ప్రతి. ఈ అసలు పుస్తకాలు నేనెప్పుడూ చూడలేదు.

చూస్తే మొదటి పుస్తకంలో ఒక బావి కాదు, మూడు బావులున్నాయి. యార్డు బావి, బడి దగ్గర బావి, సంత బావి. మూడు గళ్ళు. నాలుగేళ్ళు మూడూ కలిసి ఒకే తీరుగా, ఏడాదికి అయిదారు అడుగులు జారాయి. అయిదో ఏడు యార్డు బావి ఆగింది. మిగతా రెండూ ఆగలేదు. అయిదో ఏడు చివర ఆ రెండు గళ్ళనీ నిలువునా ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: ‘ఈ రెండు బావులూ పాడైనవి. చెత్త పడుతున్నది. గట్లు సరిగా లేవు. యార్డు బావి ఒక్కటే నమ్మదగినది.’

“నాన్నా, ఇవి...” అన్నాను.

“శుభ్రంగా ఉన్న బావిని నమ్మాను,” అన్నాడు నాన్న కిటికీ వైపు చూస్తూ. “నేను చెక్కిన గుర్తు, నేను ఊడ్చుకున్న గట్టు. అది చెప్పేది ఒకటి, మిగతా రెండూ చెప్పేది ఒకటి. ఆ రెండింటినీ తప్పని కొట్టేశాను. ఒకటే ఎందుకు ఆగిందా అని ఒక్కనాడు ఆలోచించలేదు, అమ్మడూ. ఒక్కనాడు.”

ఆయన ముందు గళ్ళ కాగితం ఉంది. కొట్టేసిన రెండు బావుల జారుడునీ స్కేలు పెట్టి అలాగే ముందుకి, ఇప్పటిదాకా పొడిగించి గీశాడు. గీత నూట ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. డాక్టరమ్మ బోరు నూట తొంభై ఒకటి. ఒక్క స్కేలుతో, ఎర్రసిరా కింద ఉన్న అంకెలతో, అంత దగ్గరగా వచ్చాడు. నిజం ఇరవై రెండేళ్ళుగా మా ఇంటి అటక మీద ఉంది.

“చెల్లాయి బోరు ఎన్ని అడుగులు?” అన్నాడు.

“నూట యాభై.”

“ఎప్పుడు ఎండింది?”

“ఏడేళ్ళయింది నాన్నా. మర్చిపోయావా, ఆ పెళ్ళిలో...”

ఆయన వేలు కాగితం మీద నూట యాభై దగ్గర అడ్డంగా జరిగి, గీతని తాకి, కిందికి దిగింది. ఏడేళ్ళ వెనక గడిలో ఆగింది. ఏడాది తేడా కూడా లేదు. నాన్న ఆ గడి మీంచి వేలు తీయలేకపోయాడు. నేను నీళ్ళ గ్లాసు అందించబోతే వద్దన్నట్టు తల తిప్పాడు.

అప్పుడు చెప్పాను, డైరెక్టరుగారన్న మాట. వాల్వు తెరిస్తే చాలని. నీ పేరు ఎక్కడికీ పోదని. గబగబా, ఆయన మొహం చూడకుండా చెప్పేశాను.

“తెరిస్తే మళ్ళీ అరవై రెండుకే వస్తాయి,” అన్నాడు నాన్న నెమ్మదిగా. ఆ ఒక్క క్షణం ఆయన కళ్ళల్లో ఆశ కనబడింది. అది చూసి నేను భయపడ్డానో, తెరిపించనా నాన్నా అని అడగబోయానో నాకే తెలీదు. అంతలో ఆయన లేచి, తలుపు వెనక తగిలించిన చొక్కా తీసుకున్నాడు.

“కారు తియ్యి. చెల్లాయింటికి పోదాం.”

పడమటి కాలనీకి నేను ఎన్నోసార్లు వెళ్ళాను గానీ, ఆ రోజు వేరేగా కనబడింది. ప్రతి ఇంటి మీదా రెండు మూడు నల్ల ట్యాంకులు. ప్రతి గేటు ముందూ ట్యాంకరు గొట్టం ఈడ్చిన చార. బట్టలుతికిన నీళ్ళు బకెట్లలో పట్టి వరసగా అరుగుల మీద పెట్టుకున్నారు. కుండీల్లో మొక్కలకి బదులు ప్లాస్టిక్ పూలు. నాన్న ఒక్కో ఇంటినీ తల తిప్పి చూస్తూ కూర్చున్నాడు. ఏడేళ్ళలో ఆయన ఈ వీధిలోకి రావడం ఇదే మొదటిసారి.

అత్త తలుపు తీసింది. చేతికి సబ్బు నురగ ఉంది. ముందు నన్ను చూసి నవ్వింది, తర్వాత నా వెనక ఉన్న మనిషిని చూసి నిలబడిపోయింది.

“ఏమైంది? ఎవరికేమైంది?” అంది. నాన్న తన గడప తొక్కాలంటే ఎవరో ఒకరు పోయుండాలనే అనుకుంది పాపం.

“ఎవరికీ ఏం కాలేదు చెల్లాయ్,” అన్నాడు నాన్న. “నీ బోరులో నీళ్ళు లేవు.”

అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది. “ఆ ముక్క చెప్పడానికొచ్చావా? ఏడేళ్ళ నుంచి నేను మొత్తుకుంటున్నది అదేగా.”

“నువ్వు చెప్పింది నిజం. నా పుస్తకం తప్పు. నేను కొలిచింది పైపు కారుడు. నలుగురిలో నిన్ను అబద్ధాలకోరన్నాను.”

నేను అత్త ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే నాన్న ఏడుస్తాడనుకున్నాను. అత్త ఏడవలేదు. చేతిని కొంగుకి తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది. గడపకి ఆనుకుని నిలబడి ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

“నూట ఎనభై దాకా మళ్ళీ దింపించాం,” అంది చివరికి. “అదీ ఎండిపోయింది. ఎందుకు దింపించామో తెలుసా అన్నయ్యా? నీళ్ళున్నాయని నువ్వన్నావు కాబట్టి. నీతో మాట్లాడటం మానేశాను గానీ నిన్ను నమ్మడం మానలేదు. ఏ డ్రిల్లరు వచ్చినా వాడితోనే పోట్లాడాను.”

ఆ మాటకి నాన్న గేటు కమ్మీ పట్టుకున్నాడు. అత్త మమ్మల్ని తిడుతుందని సిద్ధపడి వచ్చాను గానీ, దీనికి సిద్ధపడలేదు.

“లోపలికి రా,” అంది అత్త. ఆయన అడుగు వేయబోతే మళ్ళీ తనే చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగు. నాకొక్కదానికే చెప్పి పోతావా?”

“అంటే?”

“ఈ వీధిలో ముప్పై ఎనిమిది ఇళ్ళున్నాయి. అందరూ నీ పేరు చెప్పుకునే ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఈ పక్కింటాయన వచ్చే సోమవారం మళ్ళీ బోరు వేయిస్తున్నాడు, పెరట్లో ఇంకో మూల, వంద అడుగులకి. టేపు మాస్టారు అరవై రెండన్నాడు కదా, మొదటిసారి చోటు తప్పయ్యుంటుంది అని.”

నాన్న నా వైపు చూశాడు. డైరెక్టరుగారి గదిలో టీ, పక్కకి జరపాల్సిన మెట్లు, షెడ్డులో గోనెపట్టాల్లో ఉన్న ఇత్తడి అన్నీ ఒక్కసారి నా కళ్ళముందు తిరిగాయి. ఈ వీధికి తెలిస్తే సాయంత్రానికి ఊరికి తెలుస్తుంది. ఆ తర్వాత ఏ వాల్వు తెరిచినా ఆ బావిని ఎవరూ నమ్మరు. నాన్న గీత గోడెక్కదు, నాన్న పేరు గోడెక్కదు. నేను నోరు తెరిచాను. ఆపమని చెప్పడానికో, వెళ్ళమని చెప్పడానికో ఇప్పటికీ తేల్చుకోలేను.

నాన్న గేటు వదిలి, వెనక్కి తిరిగి, పక్కింటి వైపు నడిచాడు. అత్త సబ్బు చేతులతోనే, చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన వెంట వెళ్ళింది. కాలుతున్న సిమెంటు మీద నేనూ వాళ్ళ వెనక నడిచాను. గంట నొక్కడానికి ఎత్తిన నాన్న చెయ్యి గాల్లోనే ఆగిపోతే, అత్త ఆ చేతిని పక్కకి తీసి తనే నొక్కింది.

బనీనులో ఉన్న ఒకాయన తలుపు తీశాడు. నాన్నని గుర్తుపట్టి గబుక్కున చేతులు జోడించి, “మాస్టారూ, మీరా! లోపలికి రండి, రండి,” అన్నాడు.

“వద్దు బాబూ, ఇక్కడే చెబుతాను,” అన్నాడు నాన్న. “సోమవారం బోరు వేయించకండి. మీ ఇంటి కింద నీళ్ళున్నాయని రాసింది నేనే. అక్కడ నీళ్ళు లేవు.”